మిథనాల్ కిట్ కొంటారా? ముందు నీళ్లతో మొదలెట్టండి

మొన్న సంక్రాంతికి చోడవరం వెళ్లినప్పుడు మా వీధి చివర మెకానిక్ షెడ్డులో కూర్చున్నాను. డిప్లొమా ఆటోమొబైల్ చివరి ఏడాది చదువుతున్న ఓ కుర్రాడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ల మావయ్య సెకండ్‌హ్యాండ్‌లో ఓ టర్బో పెట్రోల్ కారు కొన్నాడట. తెర మీద రెండు కిట్లు. ఒకటి అమెరికాది, ఇంకొకటి ఎవరు చేశారో పేరు కూడా లేనిది.

“సార్, దీనికి మిథనాల్ ఇంజెక్షన్ పెడదామనుకుంటన్నాను. ఈ రెంటిలో ఏది మంచిదంటారు?”

ఏ కిట్ అన్నది ఆఖరి ప్రశ్న బాబూ, మొదటి ప్రశ్న వేరే ఉంది అన్నాను. “బండి మంచి స్పీడులో ఉన్నప్పుడు ఆ పంపు ఆగిపోయిందనుకో, ఏమవుతుంది?”

“ఆగిపోతే ఏటవుద్ది సార్? మామూలు కారులా నడుస్తది కదా.”

ఈ వ్యాసం ఆ జవాబు గురించే. అది ఆ ఒక్క కుర్రాడి జవాబు కాదు. వీడియోలు చూసి కిట్లు కొనాలనుకునే వందమందిని అడిగినా దాదాపు ఇదే వస్తుంది. ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో తెలిస్తే పనిముట్లు, సామాను ఎలా ఎంచుకోవాలో సగం తెలిసినట్టే. తెలియకపోతే ఎంత ఖరీదైన కిట్ కొన్నా ఇంజిన్ చేతికొస్తుంది.

ఇదేమీ కొత్త సంగతి కాదు

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిలో నీళ్లు, మిథనాల్ కలిపిన సన్నటి తుంపర కొట్టడమే ఈ పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధ విమానాలు ఎండబ్ల్యూ-50 అనే మిశ్రమం వాడాయి. అందులో సగం మిథనాల్, దాదాపు సగం నీళ్లు, తుప్పు పట్టకుండా కాస్త నూనె. అమెరికా వాళ్ల పి-47 థండర్‌బోల్ట్‌లోనూ నీటి ఇంజెక్షన్ ఉండేది. కార్ల విషయానికొస్తే 1962లోనే ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ఈ ద్రవానికి వేరే ట్యాంకు పెట్టుకుని షోరూముకి వచ్చింది. ఆ ద్రవానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని పేరు. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ ఒట్టి నీళ్లతోనే ఈ పని చేసింది.

పని చేసే తీరు మనింట్లో మట్టికుండ చెప్పేస్తుంది. కుండ చెమరుస్తుంది, ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది. ఒక కిలో పెట్రోలు ఆవిరి కావడానికి తీసుకునే వేడి కంటే మిథనాల్ సుమారు మూడు రెట్లు, నీళ్లు ఆరు రెట్లకు పైగా తీసుకుంటాయి. టర్బో నొక్కి పంపిన గాలి వేడిగా ఉంటుంది. తుంపర దాన్ని చల్లబరుస్తుంది. దాంతో పెట్రోలు సమయానికి ముందే భగ్గుమనడం, అంటే మనం నాకింగ్ అనేది, తగ్గుతుంది. మిథనాల్‌కి ఆక్టేన్ కూడా ఎక్కువ.

ఒక సంగతి గమనించండి. తుంపర ఒక్కటే పెట్టి ఊరుకుంటే వచ్చే పవర్ చెప్పుకోదగ్గది కాదు. అది ఇచ్చిన వెసులుబాటును చూసుకుని బూస్ట్ పెంచి, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిపితేనే పవర్ కనిపిస్తుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ట్యూనింగ్ అంతా తుంపర ఉంటుందన్న నమ్మకం మీద చేశారు. తుంపర ఆగింది. బూస్ట్ మాత్రం తగ్గలేదు. అప్పుడు కారు మామూలు కారులా నడవదు. నాకింగ్ వచ్చి పిస్టన్ విరగొచ్చు, కరగొచ్చు. దానికి నిమిషాలు కూడా అక్కర్లేదు.

జెట్‌ఫైర్ చేసిన ఇంజినీర్లు 1962లోనే దీని గురించి ఆలోచించారు. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గిపోయే ఏర్పాటు చేశారు. బీఎండబ్ల్యూ కూడా అంతే, నీళ్లు అయిపోతే బండి తనంతట తానే జోరు తగ్గించుకుంటుంది. అరవై ఏళ్ల కిందటి కారులో ఉన్న జాగ్రత్త, మీరు కొనబోయే పేరులేని కిట్‌లో ఉందా? బాక్సు మీద హార్స్‌పవర్ అంకె చూసేముందు అడగాల్సింది ఇది.

సామాను: ఆగిపోయే రోజును తలుచుకుని కొనండి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ పనిలో ఏ వస్తువు కొన్నా, అది బాగా పనిచేసే రోజును కాదు, చెడిపోయే రోజును తలుచుకుని ఎంచుకోవాలి.

మొదట ట్యాంకు. దానికి లెవెల్ స్విచ్ తప్పనిసరి. ద్రవం తగ్గితే లైటు వెలగడంతో సరిపోదు. బూస్ట్‌ని తగ్గించే కంట్రోలర్‌కి ఆ సంకేతం వెళ్లాలి. అలాగే లైన్లో ప్రెజర్ స్విచ్ గానీ ఫ్లో సెన్సర్ గానీ ఉండాలి. ట్యాంకు నిండుగా ఉన్నా పంపు కాలిపోవచ్చు, నాజిల్ మూసుకుపోవచ్చు. లెవెల్ స్విచ్‌కి ఆ సంగతి తెలియదు.

రెండోది, ఇంజిన్ ఆపాక కూడా ద్రవం కారకుండా చూసే సోలినాయిడ్ వాల్వు. చాలామంది ట్యాంకు డిక్కీలో పెడతారు, ఒక్కోసారి అది నాజిల్ కంటే ఎత్తులో ఉంటుంది. అప్పుడు ద్రవం తనంతట తానే జారి ఇంజిన్‌లోకి చేరుతుంది. ఇంజిన్ పీల్పు కూడా దాన్ని లాగుతుంది. సిలిండర్లో నీళ్లు నిలిచాక స్టార్ట్ చేస్తే నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నాలుగు చుక్కలే కదా అనుకుని వాల్వు మానేసిన వాళ్లు ఉన్నారు. రాత్రంతా కారితే ఆ నాలుగు చుక్కలు ఎన్నవుతాయో లెక్కేసుకోండి.

మూడోది రబ్బరు. ఇక్కడ మంచి మెకానిక్కులు కూడా పొరబడతారు. పెట్రోలుకి వైటన్ సీలు మేలు, ఈపీడీఎం రబ్బరు పనికిరాదు అని మనందరికీ అలవాటు. మిథనాల్ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. మామూలు రకం వైటన్ మిథనాల్‌లో ఉబ్బిపోతుంది, ఈపీడీఎం నిలబడుతుంది. టెఫ్లాన్ అయితే రెంటికీ సరే. కాబట్టి “పెట్రోలుకి వాడేదే సార్, బ్రహ్మాండంగా ఉంటది” అని షాపువాడు చెప్పిన మాట ఈ పనికి హామీ కాదు. పంపు లోపల డయాఫ్రమ్, సీళ్లు దేనితో చేశారో కాగితం మీద రాసి ఉంటేనే కొనండి.

ట్యాంకుకి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడండి. అల్యూమినియాన్ని మిథనాల్ మెల్లగా తినేస్తుంది. జింకు పూత ఉన్న జీఐ ఫిట్టింగులు వద్దు. లోపల ఎంతుందో కనిపిస్తుంది కదా అని పాలికార్బనేట్ సీసా పెట్టకండి, పగుళ్లిస్తుంది.

నాలుగోది నాజిల్. పెద్దదైతే పవర్ ఎక్కువ అనుకోవడం పొరపాటు. చిన్న లెక్క చేద్దాం. పూర్తి జోరులో పెట్రోల్ ఇంజిన్ ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 225 గ్రాముల పెట్రోలు తాగుతుందనుకోండి. 110 హార్స్‌పవర్ కారుకి గంటకు 25 కిలోలు, అంటే దాదాపు 33 లీటర్లు. నిమిషానికి సుమారు 550 మిల్లీలీటర్లు. నీళ్లు–మిథనాల్ మిశ్రమం ఇందులో 10 నుంచి 15 శాతం దగ్గర మొదలెట్టడం ఆనవాయితీ. అంటే నిమిషానికి 55 నుంచి 80 మిల్లీలీటర్లు. ఒక చిన్న టీ గ్లాసుడు. ఈ లెక్క చేయకుండా నిమిషానికి 300 మిల్లీలీటర్లు కొట్టే నాజిల్ తెచ్చి పెడితే ఇంజిన్ మంట ఆరిపోతుంది, బండి ఎగిరెగిరి పడుతుంది.

ఐదోది ఫిట్టింగు మర. దీని దగ్గర నేనే దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. విదేశీ నాజిళ్లకు సాధారణంగా 1/8 ఎన్‌పీటీ మర ఉంటుంది. మన ప్లంబింగ్, హార్డ్‌వేర్ షాపుల్లో ట్యాప్ అడిగితే ఎక్కువగా బీఎస్‌పీ ఇస్తారు. చూపులకు రెండూ ఒకటే. 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, కోణం 60 డిగ్రీలు. 1/8 బీఎస్‌పీకి అంగుళానికి 28 మరలు, కోణం 55 డిగ్రీలు. రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది. బిగిసింది కదా అని మనం సంతోషిస్తాం. నిజానికి మర తెగుతుంటుంది. నేను ఇలాగే బిగించి, దాని మీద టేపు చుట్టి, మూడో రోజు కారుతుంటే మళ్లీ ఇంకో చుట్టు టేపు చుట్టాను. చివరికి పైపే మార్చాల్సి వచ్చింది. మర గేజ్ అని ఒక చిన్న వస్తువుంది, దువ్వెన పళ్లలా ఉంటుంది. ఆ రోజు అది నా దగ్గర ఉంటే పైపు డబ్బులు మిగిలేవి.

పనిముట్లు: పెట్టె నిండా కాదు, సరైనవి కొన్నే

కిట్ కోసం దాచుకున్న డబ్బులో మూడో వంతు పనిముట్లకు తీసి పక్కన పెట్టండి. కిట్ ఒక కారుతో పోతుంది, పనిముట్లు మీతోనే ఉంటాయి.

మల్టీమీటర్ మొదటిది. పంపు తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజీ ఎంత, పంపు దగ్గర ఎంత? బ్యాటరీ దగ్గర 13.8 ఉండి పంపు దగ్గర 12 ఉంటే, మిగతాది మీ వైరింగులో, జాయింట్లలో కాలిపోతోందన్నమాట. పంపు బలహీనంగా ఉందని పంపు మార్చేవాళ్లు ఎక్కువ. వైరు కొలిచేవాళ్లు తక్కువ.

రాచెట్ ఉన్న క్రింపింగ్ ప్లయర్ రెండోది. వైరు మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర ఒక సంప్రదాయంలా అయిపోయింది. బీఎన్ రోడ్డు గుంతల్లో నెల్లాళ్లు తిరిగాక ఆ జాయింటు ఏ స్థితిలో ఉంటుందో మీకు నేను చెప్పాలా? పంపుకి రిలే, బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, సరైన మందం వైరు ఉండాలి. వీటికి తోడు గట్టిగా క్రింప్ చేసిన టెర్మినల్ ఉంటేనే ఆ పంపును నమ్మొచ్చు.

ట్యూబ్ కట్టర్ మూడోది. నైలాన్ ట్యూబుని కత్తెరతో కోస్తే కొస కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోతుంది. పుష్ ఫిట్టింగులో పెడితే ఒక పక్క నుంచి చెమ్మ వస్తూనే ఉంటుంది. అడ్డంగా, సూటిగా తెగాలి.

స్టెప్ డ్రిల్, సరైన ట్యాప్, ట్యాప్ రెంచ్ ఆ తర్వాత. రంధ్రం వేసేటప్పుడు ఇన్‌టేక్ పైపుని బండి నుంచి విప్పి, బల్ల మీద వైస్‌లో పెట్టి వేయండి. బండి మీదే వేస్తే లోహపు తురుము నేరుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. “గ్రీజు రాస్తే తురుము అంటుకుంటుంది లెండి” అనేవాళ్ల మాట వినకండి. నాజిల్ ఇంటర్‌కూలర్ తర్వాత, గాలిని కొలిచే సెన్సర్ కూడా దాటాక, థ్రాటిల్ బాడీకి కాస్త ముందు రావాలి. మర మీద సీలింగ్ టేపు చుడితే మొదటి రెండు మరలు వదిలేయండి. లేకపోతే ఆ టేపు పోగే ఊడి వచ్చి నాజిల్‌కి అడ్డం పడుతుంది.

ప్రెజర్ గేజ్, గీతలున్న కొలజాడీ, ఓబీడీ స్కానర్. గాలి ఉష్ణోగ్రత ఎంతుంది, ఇంజిన్ కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతోందా అన్నది స్కానర్ చూపిస్తుంది. బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి రాసి పెట్టుకోండి. “బండి లాగుతోంది సార్, తెలుస్తోంది” అన్న మాట కొలత కాదు. డబ్బు ఖర్చు పెట్టిన ప్రతివాడికీ బండి లాగుతున్నట్టే అనిపిస్తుంది.

నోటితో పీల్చే అలవాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది

మన షెడ్లలో పెట్రోలు తీయాలంటే ఏం చేస్తాం? పైపు ట్యాంకులో పెట్టి నోటితో పీలుస్తాం. నోట్లోకి కాస్త పోతే ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి పని చేసుకుంటాం. పెట్రోలుతో కూడా అది ప్రమాదమే. మిథనాల్‌తో మాత్రం ఒక్కసారి కూడా చేయకూడదు. శుద్ధ మిథనాల్ 10 మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు, చూపు శాశ్వతంగా పోవడానికి చాలు. ఒంట్లోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. వెంటనే ఏమీ తెలియదు, లక్షణాలు గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాటికి బయటపడతాయి. “నాకేం కాలేదు” అనుకుని పడుకున్నవాడు పొద్దున్నే లేచేసరికి కళ్లు మసకబారి ఉంటాయి.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిసిన సారా తాగే. అందుకే మిథనాల్‌ని మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పోయకండి. షెడ్డుకి అన్నం క్యారేజీ తెచ్చే తమ్ముడికి ఆ సీసాలో ఏముందో తెలియదు. చర్మం ద్వారా కూడా అది లోపలికి వెళ్తుంది. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు తప్పనిసరి. పొరపాటున నోట్లోకి పోతే ఇంటి వైద్యాలేవీ వద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి ‘మిథనాల్’ అని పేరు పెట్టి చెప్పండి. సమయానికి వెళ్తే విరుగుడు ఉంది.

మంట సంగతి ఇంకా విచిత్రం. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. 1981 ఇండియానాపోలిస్ 500 రేసులో రిక్ మియర్స్ పిట్‌లో ఆగినప్పుడు మిథనాల్ అంటుకుంది. మంట కంటికి కనబడకపోవడంతో ఆయనకు ఏం జరుగుతోందో చుట్టూ ఉన్నవాళ్లకు వెంటనే తెలియలేదు. సగం నీళ్లు కలిపినా ఆ మిశ్రమం మండుతుంది. మే నెల ఎండలో మూసిన డిక్కీలో కారే ట్యాంకు ఉందంటే ఎలా ఉంటుందో ఊహించండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా ఈ పని మొదలుపెట్టే హక్కు మీకు లేదనే నా అభిప్రాయం.

మరి చట్టం?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించొచ్చని రాశారు. ఇన్సూరెన్సు క్లెయిము దగ్గర పేచీ వేరే. శిక్ష పడేది బండి యజమానికి. ఆ కుర్రాడి విషయంలో అది వాళ్ల మావయ్య. మీ సరదాకి ఆయన ఎందుకు పూచీ పడాలి?

కాబట్టి రోడ్డు మీద తిరిగే ఇంటి కారుకి ఇది పెట్టొద్దనే చెబుతాను. రేసు ట్రాకు మీద, నిర్వాహకుల నిబంధనలు ఒప్పుకుంటే అక్కడ, లేదా కాలేజీ ల్యాబులో టెస్ట్ ఇంజిన్ మీద చేయండి. దాని చోటు అదే.

అయితే నేర్చుకోవడం ఎలా?

“ఈ పెద్దాళ్లు ఎప్పుడూ ఇంతే, వద్దనడమే” అని ఈపాటికి మీరు అనుకుంటుంటారు. ఆగండి. నేర్చుకోవద్దని నేను అనలేదు. బల్ల మీద, నీళ్లతో నేర్చుకోమంటున్నాను.

మనది చెరకు, వరి పండే ఊరు. పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఏ ఇంట్లో లేదు? దాని లోపల ఉన్నది 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు. మిథనాల్ కిట్లోని పంపుకి అది దగ్గరి చుట్టమే. ప్రెజర్ తక్కువ, అంతే. దాని సీళ్లు మిథనాల్‌కి చేసినవి కావు కాబట్టి కారుకి పెట్టకండి. వాటర్ ఫిల్టర్ ఆర్‌ఓ పంపు సంగతీ అంతే. కానీ నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన సామాను దొరకదు. పురుగుమందు తగిలిన పాతది వద్దు, కొత్త పంపు విడిగా కొన్ని వందల్లోనే వస్తుంది.

ఒక చెక్క మీద ఆ పంపు బిగించండి. పాత బ్యాటరీ, రిలే, ఫ్యూజు, ప్రెజర్ గేజ్, ఒక బైపాస్ వాల్వు, ఒక నాజిల్. కింద కొలజాడీ. 15 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో రాయండి. 60 పీఎస్‌ఐ దగ్గర మళ్లీ రాయండి. ప్రెజర్ నాలుగింతలైంది కదా, నీళ్లు నాలుగింతలు వచ్చాయా? రావు. సుమారు రెండింతలే వస్తాయి. పుస్తకంలో వర్గమూలం అని చదివి మార్కులు తెచ్చుకున్న సూత్రాన్ని మొదటిసారి కళ్లతో చూస్తారు. తర్వాత నాజిల్‌ని మైనంతో మూసేయండి, గేజ్ ఏం చూపిస్తుంది? ట్యూబుకి గుండుసూదితో రంధ్రం పెట్టండి, గేజ్ ఏం చూపిస్తుంది? ట్యాంకు ఖాళీ చేయండి. ఈ మూడు తప్పుల్నీ దూరం నుంచి గుర్తుపట్టి బజర్ మోగించే చిన్న సర్క్యూట్ చేయండి. డిప్లొమా ప్రాజెక్టుకి ఇంతకంటే మంచి విషయం నాకు తోచదు. నీళ్లు కూడా డిస్టిల్డ్ వాడండి. బోరు నీళ్లతో ఓ నెల నడిపితే నాజిల్‌కి సున్నం ఎలా పడుతుందో అది వేరే పాఠం.

ఈ పనికి జీతం ఎక్కడుంది?

ట్యాంకు, పంపు, లైను, నాజిల్, లెవెల్ సెన్సర్, కంట్రోలర్. ఈ జాబితా మళ్లీ చదవండి. ఇది ఇంకెక్కడైనా చూశారా? మీ ఊరి మీదుగా వెళ్లే కొత్త లారీలో ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక, పెద్ద డీజిల్ లారీలు, బస్సుల పొగగొట్టంలోకి యూరియా ద్రావణం తుంపరగా కొడుతున్నారు. డ్రైవర్లు యూరియా అంటారు, కంపెనీలు డెఫ్ అంటాయి. నీళ్లలో 32.5 శాతం యూరియా. ఆ ద్రవం అయిపోయినా, నాణ్యత లేకపోయినా, నాజిల్ దగ్గర యూరియా గడ్డకట్టినా లారీ పవర్ తగ్గించేస్తుంది. సరుకుతో ఉన్న లారీ ఘాటు మీద మొరాయిస్తే యజమానికి పూటకెంత నష్టమో గాజువాక ఆటోనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఆ ద్రవానికి రాగి, ఇత్తడి పనికిరావు, స్టెయిన్‌లెస్, హెచ్‌డీపీఈ కావాలి. వోల్టేజీ కొలవాలి, ప్రెజర్ చూడాలి, ఫ్లో లెక్కేయాలి, సెన్సర్ చెప్పేది నిజమో అబద్ధమో తేల్చాలి. మీరు చెక్క మీద నీళ్లతో నేర్చుకున్నది అచ్చంగా ఇదే పని. చాలా షెడ్లలో ఇప్పటికీ ఇలాంటి సమస్యకి ఒకటొకటిగా పార్టులు మార్చి చూస్తున్నారు. కొలిచి చెప్పే మనిషికి అక్కడ గిరాకీ ఉంది.

పదో తరగతి అయిన వాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్, ఏడాది మెకానిక్ డీజిల్ ట్రేడులున్నాయి. పాలిసెట్ రాస్తే డిప్లొమా. విశాఖ కంచరపాలెంలో ప్రభుత్వ ఐటీఐ, పాలిటెక్నిక్ రెండూ ఉన్నాయి. అమ్మాయిలకి ఈ ట్రేడులేంటని ఇంట్లో అంటే, మల్టీమీటర్ చూసి చదివేది చేతి బలం కాదని చెప్పండి. రేసింగ్ మీదే మనసుంటే దానికీ దారి ఉంది. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఫార్ములా భారత్ పోటీ కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో జరుగుతుంది, ఎస్‌ఏఈ ఇండియా బాహా పోటీలు కూడా ఉన్నాయి. అక్కడ న్యాయనిర్ణేతలు బండి వేగంతో పాటు ఫిట్టింగు ఎందుకలా పెట్టావని కూడా అడుగుతారు.

మిథనాల్ గురించి తెలుసుకోవడం కూడా వృథా కాదు. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్ మన బూడిద ఎక్కువగా ఉండే బొగ్గు నుంచే రోజుకి పావు టన్ను మిథనాల్ తీసే ప్రయోగాత్మక ప్లాంటు నిర్మించింది. 2022 ఏప్రిల్‌లో అస్సాంలోని తిన్‌సుకియాలో 15 శాతం మిథనాల్ కలిపిన ఎం15 పెట్రోలుని ఇండియన్ ఆయిల్ ప్రయోగాత్మకంగా అమ్మకానికి పెట్టింది. ఇది ఎంత దూరం పోతుందన్నది పక్కన పెడితే, ఏ రబ్బరు నిలుస్తుంది, ఏ లోహం తుప్పు పడుతుంది, దాన్ని ఎలా నిల్వ చేయాలి అన్నది తెలిసిన చేతులు దానికీ కావాలి.

ఆ కుర్రాడు కిట్ కొనలేదు. కొనొద్దని నేను చెప్పినందుకు కాదు, ఆ సెక్షన్ సంగతి వాళ్ల మావయ్యకి తెలిసి ఒప్పుకోలేదు. కాస్త నీరసపడ్డాడు కూడా. నాలుగు రోజుల కిందట ఫోన్ చేశాడు. “సార్, 60 పీఎస్‌ఐ దగ్గర రావాల్సినన్ని నీళ్లు రావట్లేదు. తక్కువే వస్తున్నాయి. గేజ్ తప్పంటారా?”

గేజ్ పంపు దగ్గర పెట్టావా, నాజిల్ దగ్గర పెట్టావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పంపు దగ్గర సార్... ట్యూబు పొడుగు పది అడుగులుంది” అన్నాడు. ఇంక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది, ప్రెజర్ దారిలోనే పోతోందని వాడికే తట్టింది.

మొన్న “ఏ కిట్ మంచిది” అని అడిగినవాడు ఇప్పుడు గేజ్ ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నాడు. మీరూ ఈ ఆదివారం ఒక పంపు, ఒక గేజ్, ఒక కొలజాడీ ముందు పెట్టుకుని కూర్చోండి. బకెట్లో నీళ్లు చాలు.